పొగ రాని పైపులు

మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్ళు ముందుగదిలో అద్దాల బీరువా దగ్గర తప్పకుండా ఆగుతారు. బొమ్మల కొలువు సామాను కాబోలనుకుని దగ్గరికి వెళ్తారు. తీరా చూశాక మావారి వంక తిరిగి, "మీరు పైపు కాలుస్తారా అండీ?" అని అడుగుతారు. మావారు చేత్తో నన్ను చూపించి పేపరు వెనకాల దాక్కుంటారు. "ఆయనకి వక్కపొడి కూడా అలవాటు లేదండీ. అవన్నీ నావి," అంటాను కాఫీ గ్లాసులు అందిస్తూ. ఇక చూడాలి వాళ్ళ మొహాలు!

పదకొండు పైపులు, రెండు చుట్టల పెట్టెలు, ఒక హుక్కా అడుగు, నాలుగు ఇత్తడి సున్నపుకాయలు, ఒక పొడుంకాయ. ఇదీ నా ఆస్తి. పక్కనే ఒక రాతి పలక. అది పైపు కాదు కదా, ఎందుకు పెట్టారని అడిగినవాళ్ళు ఇంతవరకూ ఇద్దరో ముగ్గురో ఉంటారు.

నేను కాపురానికి వచ్చింది 1983లో. మా పుట్టిల్లు దివిసీమ, అత్తవారిది బందరు. మావయ్యగారు కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు. సాయంత్రం అయిదున్నరకల్లా వరండాలో పడక్కుర్చీ వేసుకుని, ఒళ్ళో టవలు పరుచుకుని పైపు తీసేవారు. పొగాకు నింపడం ఒక తంతు, వెలిగించడం ఇంకో తంతు. మొదటి అగ్గిపుల్లకి అంటుకున్న పొగాకు పైకి ఉబ్బుతుంది. దాన్ని మెల్లగా అదిమి రెండో పుల్ల గీయాలి. ఈలోగా మా అత్తయ్యగారు లోపల్నుంచి, "దిష్టి తీసినట్టు ఇల్లంతా పొగ!" అని కేకేసేవారు. ఇంత పెట్టిన సాంబ్రాణికి లేని దగ్గు ఈవిడకి దీనికెందుకొస్తుందో అని ఆయన నవ్వేవారు.

నాకూ ఆ వాసన పడేది కాదు. కానీ కొత్తకోడల్ని, ఏమంటాను? పైగా ఆయన చెప్పే కబుర్లంటే నాకు చెవికోసుకునేంత ఇష్టం. పొగాకు మన దేశానిది కాదని, పోర్చుగీసువాళ్ళ వెంట వచ్చిందని ఆయన చెబితేనే నాకు తెలిసింది. 1604 ప్రాంతంలో అసద్ బేగ్ అనే ఉద్యోగి బీజాపూరు నుంచి పొగాకునీ, రాళ్ళు పొదిగిన పైపునీ తెచ్చి అక్బరు పాదుషాకి సమర్పించాడట. పాదుషా ముచ్చటపడి రెండు దమ్ములు లాగాడట.

మన బందరు సంగతీ చెప్పేవారు. 1605 ప్రాంతంలో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు వచ్చి మన ఊళ్ళో కొట్లు పెట్టారు. డచ్చివాళ్ళ సమాధులు ఇప్పటికీ బందరులో ఉన్నాయి. వాళ్ళ దేశంలో గౌడ అనే ఊరు తెల్లమట్టి పైపులకి పెట్టింది పేరు. వాళ్ళు పైపుల్లో కాలిస్తే మనవాళ్ళకి ఆ గొడవే లేదు, ఆకునే చుట్టి అంటించేశారు. 1669కీ 1679కీ మధ్య ఈ తీరంలో తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు దాన్ని వింతగా చూసి పుస్తకంలో రాసుకున్నాడు. ఆకు చుట్టి, ఒక కొసన అంటించి, రెండో కొస పెదవుల మధ్య పెట్టుకుంటున్నారని, దాన్ని పోర్చుగీసువాళ్ళు చెరూట అంటున్నారని. షెర్లాక్ హోమ్స్ కథ 'ది సైన్ ఆఫ్ ఫోర్' 1890లో వచ్చింది. అందులో వచ్చే 'లంక' అనే చుట్ట మన గోదావరి లంకల్లో పండిన పొగాకుదే. "చూశావా అమ్మాయ్, లండన్లో దొంగని పట్టుకోవడానికి మన లంక పొగాకు బూడిద కావలసొచ్చింది!" అని మావయ్యగారు మురిసిపోయేవారు.

ఆయన 1990లో రిటైరయ్యారు. అప్పటికి మావారికి గుడివాడలో ఉద్యోగం. అత్తయ్యగారూ మావయ్యగారూ మా దగ్గరికే వచ్చేశారు. పడక్కుర్చీ, పైపులు, పొగాకు డబ్బా కూడా వచ్చాయి.

1996 ఎండాకాలంలో ఆయన గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం. మిరియాల కషాయం పెట్టాను. ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాను. పాలల్లో పసుపు వేసిచ్చాను. తగ్గలేదు. ముప్ఫై ఏళ్ళు క్లాసులో అరిచిన గొంతు, సుద్దముక్కల పొడి పీల్చిన గొంతు, అలాగే ఉంటుందిలే అన్నారాయన. "నేను పొగ లోపలికి పీల్చను కదా అమ్మాయ్, నోట్లోనే తిప్పి వదిలేస్తాను," అని కూడా అనేవారు. మేమూ నమ్మాం. అలా నాలుగు నెలలు గడిపేశాం. తరవాత పరీక్షలు చేస్తే స్వరపేటికలో పుండు, కాన్సరు అన్నారు.

చెల్లెళ్ళూ, ఇక్కడొక్క మాట. పొగ లోపలికి పీల్చకపోయినా పైపు, చుట్ట తాగేవాళ్ళకి నోట్లో, గొంతులో కాన్సరు వస్తుంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్టని అడ్డపొగగా, అంటే నిప్పు నోట్లో పెట్టుకుని, తాగే ఆడవాళ్ళకి అంగిట్లో పుండ్లు రావడం డాక్టర్లు ఎప్పుడో గమనించారు. మీ ఇంట్లో ఎవరికైనా గొంతు బొంగురు మూడువారాలు దాటి తగ్గకపోతే కషాయాలతో కాలక్షేపం చెయ్యకండి. నేను చేశాను.

ఆపరేషను చేసి స్వరపేటిక తీసేశారు. మెడ దగ్గర చిన్న రంధ్రం, ఊపిరి అక్కణ్ణించే. మాట లేదు. మా పెద్దాడు ఒకటో క్లాసులో వాడిన రాతి పలక అటకమీద ఉంటే దింపి, సుద్దముక్క కట్టి ఇచ్చాను. ముప్ఫై ఏళ్ళు బోర్డు మీద రాసిన మనిషి, పలక మీద మొదట రాసిన మాట: "కాఫీలో పంచదార మర్చిపోయావు." నేను నవ్వబోయి ఏడ్చేశాను.

ఇంటికొచ్చిన పదోరోజున పలక మీద 'పైపు' అని రాసి చూపించారు. నాకు ఒళ్ళు మండింది. "ఇంత జరిగాక కూడానా మావయ్యగారూ!" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి మళ్ళీ రాశారు: "కాల్చడానికి కాదు. మురికిగా వదిలేశాను. శుభ్రం చెయ్యాలి."

తీసుకొచ్చి చేతిలో పెట్టాను. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. చాలాసేపు అలాగే ఉండి, పలక అందుకుని రాశారు: "వాసన రావడం లేదు." ఊపిరి మెడలోంచి వెళ్తుంటే ముక్కుకి గాలి ఆడదు, వాసన తెలియదు. ఆ సంగతి మాకు డాక్టరు చెప్పాడో లేదో గుర్తులేదు గాని, నాకు అర్థమైంది ఆ సాయంత్రమే. మల్లెపూలు లేవు, కాఫీ లేదు, పోపు లేదు ఆయనకి.

ఆ రోజునుంచి మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక వరండాలో కూర్చునేవాళ్ళం. ఆయన పలక మీద రాస్తారు, నేను చేస్తాను. అలా నేర్చుకున్నదే ఈ విద్య.

మంచి పైపు గిన్నె బ్రయర్ అనే కర్రతో చేస్తారు. మధ్యధరా సముద్రం పక్క దేశాల్లో పెరిగే ఒక పొద, దాని వేరుకీ కాండానికీ మధ్య గడ్డలా ఊరే భాగం అది. నిప్పుకి ఓ పట్టాన కాలదు. ఆ గడ్డని గంటల తరబడి ఉడికించి, నెలల తరబడి ఆరబెట్టి అప్పుడు చెక్కుతారు. మన ఊరగాయలకున్నంత ఓపిక కావాలన్నమాట.

మొదటి పాఠం: వేడిగా ఉన్న పైపు కాడ ఎప్పుడూ లాగకూడదు, చీలిపోతుంది. చల్లారాక, మెల్లగా తిప్పుతూ తియ్యాలి. గిన్నె లోపల పట్టిన మసి పెచ్చుని మొండికత్తితో గీకాలి, అదీ పూర్తిగా కాదు, అట్టముక్కంత మందం ఉంచాలి. ఆ తరవాత గిన్నెలో దూది కూరి స్పిరిట్ చుక్కలు చుక్కలుగా వేసి రాత్రంతా వదిలెయ్యాలి. కొందరు దూదికి బదులు ఉప్పు పోస్తారు. అది తడికి ఉబ్బి కర్రని చీల్చే ప్రమాదం ఉందని మావయ్యగారు వద్దన్నారు. తెల్లారి చూస్తే దూది కాఫీ డికాక్షన్ రంగులో ఉంటుంది. ఇన్నేళ్ళ పొగ ఎక్కడికి పోయిందో అప్పుడు కళ్ళారా చూశాను. ఇద్దరం ఆ దూది వంక చూస్తూ కూర్చున్నాం. ఆయన ఏమీ రాయలేదు.

నోట్లో పెట్టుకునే నల్లకాడ ఎబొనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. ఎండా గాలీ తగిలితే ఆకుపచ్చా గోధుమా కలిసిన పాచిరంగుకి తిరుగుతుంది. సన్న ఉప్పుకాగితాన్ని నీళ్ళలో తడిపి రుద్దాలి. తరవాత టూత్‌పేస్టు, చివర కొబ్బరినూనె చుక్క. గిన్నెకి కలిసే అంచు దగ్గర మాత్రం రుద్దకూడదు, గుండ్రబడిపోయి అతుకు బయటపడుతుంది. కర్రకి తేనెమైనం కొంచెం పట్టించి, పాత బనీను గుడ్డతో రుద్దితే లోపలి చారలు నిప్పురవ్వల్లా పైకి లేస్తాయి. పాత బనీన్లు దాచుకోవడం నేను మొదలుపెట్టింది అందుకే. మావారు ఇప్పటికీ నవ్వుతుంటారు. అన్నట్టు, మేము వాడింది మందులకొట్లో దొరికే స్పిరిట్. ఆ పైపులు ఎవరూ నోట్లో పెట్టుకునేవి కావు కనక ఫరవాలేదు.

ఒక పైపు మెడ దగ్గర చీలింది. పారేద్దామంటే ఆయన పలక మీద "చిలకలపూడి" అని రాశారు. చిలకలపూడి బంగారం పేరు మీరు వినే ఉంటారు, కవరింగు నగలకి అంత ప్రసిద్ధి. బందరు వెళ్ళినప్పుడు అక్కడ ఒక పనివాడికి చూపించాను. ఆయన సన్నటి ఇత్తడి చుట్టు చేసి, వేడిచేసి, చీలిక మీద బిగించి, పైన మెరుగు పెట్టి ఇచ్చాడు. "గాజులకి, గొలుసులకి వస్తారు గాని, పైపుకి వడ్డాణం చేయించినవాళ్ళని మిమ్మల్నే చూశానమ్మా," అన్నాడు. ఆ మాట ఇంటికొచ్చి చెప్తే మావయ్యగారి భుజాలు ఎగిరెగిరిపడ్డాయి. శబ్దం లేని నవ్వు.

ఆయన 1999లో పోయారు. పెద్దకర్మ అయిన మర్నాడు మావారు పైపులన్నీ ఒక సంచిలో వేసి మూతి కట్టారు. "మనిషిని తిన్న వస్తువులు ఇంట్లో ఎందుకు? కాలవలో పారేసి వస్తాను," అన్నారు. ఆయన కోపంలో న్యాయముంది. నేను కాదనలేను. కానీ సంచి వదల్లేదు.

అప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు పదిహేనేళ్ళు. నేను బందరులో పిన్నిగారింట్లో ఉండి చదువుకుంటున్నాను. సముద్రం దివిసీమ మీద పడి వేలమందిని తీసుకుపోయిన రాత్రి మా తాతయ్య పోయాడు, ఇల్లు పోయింది, పశువులు పోయాయి. అమ్మమ్మ తాడిచెట్టుని కావిలించుకుని తెల్లవార్లూ ఉంది. మేము వెళ్ళేసరికి ఆవిడ ఒంటిమీద చినిగిన చీర, బొడ్లో తాతయ్య పొడుంకాయ, అంతే. గాలి మొదలైనప్పుడు తాతయ్య తడిసిపోతుందని దాన్ని ఆవిడ చేతికిచ్చాడట. పొడుం ఏనాడో నీళ్ళలో కలిసిపోయింది. తాతయ్య పొడుం పీలుస్తుంటే జీవితమంతా తిట్టిన మనిషి, చచ్చేదాకా ఆ కాయని దిండుకింద పెట్టుకుంది. "పాడు అలవాటేనే. కానీ చేతి అరుగుడు చూడు, ఆయన బొటనవేలు ఇక్కడే ఉండేది," అనేది.

ఆ మాటే మావారికి చెప్పాను. ఆయన చాలాసేపు ఊరుకుని, సంచి మూతి తనే విప్పారు. పైపు గిన్నె మీదా అంతే. వేలు ఆనే చోట రంగు వేరుగా ఉంటుంది.

మావయ్యగారి పైపులు ఆరు. మిగతావి నేను పోగు చేసినవి. పాతసామాన్ల కొట్లలో, ఇత్తడికి స్టీలు గిన్నెలిచ్చే బండ్ల మీద చూస్తూ ఉంటాను. సున్నపుకాయలు అలాగే దొరికాయి. చింతపండు, మెత్తటి ముగ్గు కలిపి తోమితే ఇత్తడి కళకళలాడుతుంది. అదే తెలివి హుక్కా మీద చూపించబోయి చేతులు కాల్చుకున్నాను. అది బీదరు పని, నల్లటి గిన్నె మీద వెండి తీగల లతలు. చింతపండుతో ఒక్కసారి రుద్దానో లేదో నలుపంతా బూడిదరంగుకి తిరిగింది. ఆ లోహం జింకు, రాగి కలిసినది. నలుపు బీదరు కోట మట్టితో తెప్పించే పైపొర మాత్రమే. పులుపు తగిలితే పోతుంది. బీదరు సామాను మీ ఇంట్లో ఉంటే మెత్తటి గుడ్డతో చుక్క కొబ్బరినూనె రాయండి, చాలు. నా హుక్కా మీద ఆ మచ్చ అలాగే ఉంది.

పోయిన సంక్రాంతికి మా పెద్దాడి కొడుకు వచ్చాడు. ఇరవై రెండేళ్ళవాడు. నేను అరిసెల పాకం చూసుకుంటున్నాను. ముందుగదిలోంచి నవ్వులు వినిపిస్తే తొంగి చూశాను. వడ్డాణం పైపు నోట్లో పెట్టుకుని, కన్ను మూసి, సెల్‌ఫోనులో ఫోటో దిగుతున్నాడు. "నానమ్మా, ఇది నాకివ్వవూ? ఒక్కసారి పొగాకు వేసి చూస్తాను. తాతగారి స్టైలు!" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా మా అత్తయ్యగారు మంచం మీదనుంచే, "ఒరే, ఆ పలక ఇటు తే," అన్నారు. ఆవిడకిప్పుడు ఎనభయ్యారు. వాడు తెచ్చి ఇచ్చాడు. ఖాళీ పలక. దాన్ని ఒళ్ళో పెట్టుకుని చెప్పారు.

"మీ ముత్తాత ఆఖరిసారి దీనిమీద ఏం రాశారో తెలుసా? నేను వంటింట్లో చేటలో బియ్యం ఏరుకుంటున్నాను, పొయ్యికి వీపు పెట్టి. ఆయన గుమ్మంలోంచి చూశారు. పిలవడానికి గొంతు లేదు. పలక వెతుక్కుని, సుద్ద వెతుక్కుని, రాసుకుని, గోడ పట్టుకుని వచ్చి నా ముందు పెట్టారు. 'పాలు పొంగుతున్నాయి' అని ఉంది. నేను తిరిగి చూసేసరికి పాలన్నీ పొయ్యిమీద. ఆయన మొహం చూడలేకపోయానురా. నాలుగు లీటర్ల పాలు పోయినా నాకు బాధ లేదు. 'పాలు చూడవే' అని ఒక్క కేక వెయ్యలేకపోయారు కదా, అదీ బాధ."

ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

వాడు పైపు నోట్లోంచి తీసి, చొక్కా అంచుతో తుడిచి, బీరువాలో పెట్టొచ్చాడు. ఫోటో ఏమైందో నేను అడగలేదు. కాసేపయ్యాక వంటింట్లోకి వచ్చి, "అక్బరు కథ చెప్పు నానమ్మా, ఆ తరవాత ఏమైంది?" అన్నాడు. చెప్పాను. పాదుషా పక్కనే ఉన్న వైద్యుడు వద్దన్నాడు. పాదుషా కొంచెం రుచి చూసి ఊరుకున్నాడు, అలవాటు చేసుకోలేదు. ఆ ముక్క మావయ్యగారు నాకెప్పుడూ చెప్పలేదు. తరవాత నేనే ఆయన పుస్తకాల్లో చూసి తెలుసుకున్నాను.

ఆ సాయంత్రం దీపం పెట్టి వస్తుంటే అత్తయ్యగారు పిలిచారు. "అమ్మాయ్, ఆ వడ్డాణం పైపు, బనీను గుడ్డ ఇలా ఇవ్వు." ఇచ్చాను. నలభై ఏళ్ళు ఆ పొగని తిట్టిన మనిషి పైపుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. "ఏమీ రావడం లేదే," అన్నారు. "శుభ్రంగా కడిగేశాం కదత్తయ్యా," అన్నాను. తల ఊపి, గుడ్డతో మెల్లగా రుద్దడం మొదలుపెట్టారు.

నేను లోపలికి వెళ్ళి స్టవ్ మీద పాలు దింపి వచ్చాను.